నల్లమడుగు ట్రౌట్లు

నల్లమడుగుకి దారి లేదు, లేకపోవడమే మంచిది. మా లూయిస్ దీవిలో రోడ్డు ఆగిపోయిన చోటి నుంచి రెండున్నర గంటలు బురదనేలలో దిగబడుతూ నడవాలి. అందుకే అక్కడి ట్రౌట్ చేపలు మా తాతల నాటి నుంచీ తమ మానాన తాము బతికాయి. నల్లటి వీపు, పక్కల ఎర్ర చుక్కలు. బయటి నుంచి తెచ్చి వదిలిన చేప అందులో ఒక్కటీ ఉండేది కాదు. "వాటిని చూసుకోండి" అని మా నాన్న పోయే ముందు నాకూ తమ్ముడు టోర్కిల్‌కీ మరీ మరీ చెప్పాడు.

నా మోకాలి నొప్పి మూలాన రెండేళ్ళు వెళ్ళలేకపోయాం. ఈ మే నెలలో ఓ శనివారం పొద్దున్నే బయల్దేరాం. మబ్బు పట్టింది, పడమటి గాలి, నీళ్ళ మీద ఈగలు. అలాంటి రోజున గంటకి పది పడాలి. మూడు గంటలైనా ఒక్కటీ ఈగ కోసం పైకి లేవలేదు.

"నీ సణుగుడికి చేపలన్నీ చర్చిలో దాక్కున్నాయక్కా," అన్నాడు టోర్కిల్.

"నీ మొహం చూసి మునిగుంటాయిలేరా. నోర్మూసుకుని గాలం వెయ్యి."

చివరికి వాడికి ఒకటి తగిలింది. మూరెడు చేప! నాన్నకి కూడా అంతది పడలేదు. ఇద్దరం చిన్నపిల్లల్లా కేకలు వేశాం. అక్కడే ఒడ్డున కూర్చుని వాడు పొట్ట కోశాడు.

లోపలి నుంచి వేలెడంత చేపలు తొమ్మిది జారిపడ్డాయి. ట్రౌట్ పిల్లలు కావు. గాలానికి ఎరగా గుచ్చే చేపలు. లేచి ఒడ్డు వెంట చూస్తే, లోతు లేని చోటల్లా అవే, గుంపులు గుంపులుగా. అవతలి లోయలోని మడుగులోనూ ఇలాగే చేరాయి. పిల్ల ట్రౌట్ల తిండంతా అవే మెక్కేశాయి. ముసలి చేపలు చచ్చాక అక్కడ ట్రౌట్ అన్నదే మిగల్లేదు.

"ఎవడ్రా ఈ పని చేసింది? పట్నం నుంచి ఊడిపడే ఆ గాలాల వెధవలేగా! వాళ్ళ చేతులు పడిపోను!"

టోర్కిల్ కత్తి తుడుస్తూనే ఉన్నాడు, తలెత్తలేదు.

"తిట్టకక్కా. మూడేళ్ళ కిందట, పెద్ద చేప పడుతుందేమోనని నేను ఓడలో ఎర చేపలు తెప్పించాను, గుర్తుందా? వాటితో ఇక్కడికొచ్చిన రోజూ శనివారమే. సాయంత్రానికి డబ్బాలో ఇంకా ముప్పై దాకా బతికే ఉన్నాయి."

"అయితే? నువ్వు ఇందులో పోశావా?" చెయ్యెత్తాను.

"నేను ఒడ్డు మీద పారేస్తానన్నాను. రేపు ప్రభువు దినం, ఇన్ని ప్రాణాలు తీసి ప్రార్థనకి ఎలా కూర్చుంటావురా అని డబ్బా లాక్కుని పోసింది నువ్వే."

ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. నేనే. "పోండి, హాయిగా బతకండి" అని నవ్వుతూ సాగనంపాను కూడా. పుణ్యానికి పోతే పాపం ఎదురైందంటారు. మూడేళ్ళుగా ఆ పాపం నేను చేసిందని నాకే తెలియదు.

బూట్లతోనే నీళ్ళలోకి దిగి టోపీతో దేవడం మొదలుపెట్టాను. నాలుగు వస్తే నలభై జారిపోయేవి. మోకాలు సలుపుతున్నా ఆగలేదు. ఎంతసేపు దేవానో తెలియదు, టోర్కిల్ వచ్చి రెక్క పట్టుకున్నాడు.

"ఇవి తరిగేవి కావక్కా. పద, పొద్దుపోతోంది. రేపు ఆదివారం, మనం గాలం కాదు గదా చీపురు కూడా ముట్టని రోజు."

"రేపూ వస్తాను," అన్నాను.

బుద్ధెరిగాక నా నోట ఆ మాట రావడం అదే మొదటిసారి. వాడు నా రెక్క వదిలేశాడు.