రికార్డు తేదీకి ముందు రోజు

"ఓటీపీ వచ్చింది, చదువు భువనా" అని మా ఆయన హాల్లోంచి కేకేసేసరికి నేను గోంగూర వలుస్తున్నాను. మూడేళ్ళుగా షేర్ల వ్యాపారంలో నా ఉద్యోగం అదే. అకౌంట్ నా పేరున, ఫోన్ నంబరు నాది, తెలివి మాత్రం మా ఆయన పూర్ణచంద్రరావు గారిది.

"ఎందుకండీ?" అన్నాను.

"తీరజ ఆగ్రో అమ్మేస్తన్నా. నలభై ఎనిమిది పలుకుతోంది. రేపట్నించి కంపెనీని రెండు ముక్కలు చేస్తన్నారంట. ఏ ముక్క ఏమైపోద్దో. నీకెందుకియన్నీ, చదువు."

నాకెందుకా! ఆ షేర్లు కొన్నది కొల్లిపరలో మా నాన్న పసుపు కుంకుమ కింద ఇచ్చిన అరెకరం అమ్మిన డబ్బుతో. అరవై రెండుకి కొన్నది ముప్పై ఒకటికి పడ్డప్పుడు "నీ పేరున ఏది కొన్నా ఇంతే, నీ జాతకం అలాంటిది" అని మా ఆడపడుచు అనసూయ ముందు నవ్వారు. కొన్నది ఆయన, జాతకం నాది! ఒళ్ళు మండిపోయింది. ఆ మంటతోనే కంపెనీ కాగితాలు చదవడం మొదలుపెట్టాను.

"చేతులకి పసరుంది, ఫోన్ ముట్టుకోనండి. పదకొండింటికి కొట్లోంచి ఫోన్ చేయండి" అన్నాను. బోసు రోడ్డులో ఆయన ఎరువుల కొట్టు తెరిచే వేళయింది. గొణుక్కుంటూ వెళ్ళారు.

పది రోజులుగా కుక్కర్ ఈలల మధ్య ఆ విభజన పత్రం చదువుతున్నాను. నూట నలభై పేజీలు. తీరజకి నష్టాల నూనె మిల్లొకటి ఉంది, దుగ్గిరాలలో పసుపు దాచే కోల్డ్ స్టోరేజీలున్నాయి. అవి రెండు కంపెనీలవుతాయి. రేపు రికార్డు తేదీ. ఈ రోజు షేర్లు చేతిలో ఉన్నవాళ్ళకే రెండింట్లోనూ వాటా. అరవై ఒకటో పేజీలో అసలు సంగతి రాశారు, బ్యాంకు అప్పంతా మిల్లుతోనే ఉండిపోతుందట, కోల్డ్ స్టోరేజీ చేతులు దులుపుకుని బయటికొస్తుందట. ఆ లైను మూడుసార్లు చదివేసరికి పప్పు అడుగంటింది. అలాగని కళ్ళు మూసుకుని నమ్మలేదు. యజమానులు తమ వాటాలో సగం తాకట్టు పెట్టారు. కొత్త షేరు ఎన్నాళ్ళకి మార్కెట్లోకొస్తుందో ఎక్కడా లేదు. అప్పటిదాకా నా అరెకరం ఇరుక్కుపోతుంది. మునిగినా మునుగుతుంది.

కాగితం చెప్పనిది మనిషిని అడగాలి. హుస్సేన్ బీకి ఫోన్ చేశాను. నా దగ్గరే జాకెట్లు కుట్టించుకుంటుంది, రోజూ బస్సెక్కి వెళ్ళి ఆ కోల్డ్ స్టోరేజీలోనే పసుపు కొమ్ములు ఏరుతుంది.

"మీ గదుల్లో ఖాళీ ఉందా?"

"ఖాళీ ఎక్కడిదక్కా? బస్తా పెట్టుకోడానికి రైతులు బతిమాలుకుంటన్నారు. ఎనక ఇంకో గది కడతన్నారు. ఏంటి, నువ్వేమన్నా పసుపు పెడతావా?"

"ఎప్పుడో పెట్టానులే" అన్నాను.

మా ఆయనైతే టీ కొట్టు దగ్గర కలిసే స్నేహితుడు జీవన్ కుమార్‌ని అడుగుతారు. అతనేమో టీవీలో విన్నది చెబుతాడు. ఆ గదుల్లో కొమ్ములు ఏరే మనిషిని అడగాలని ఒక్క మగాడికీ తోచదు.

అకౌంట్ తెరిచాను. పాస్‌వర్డ్ ఆయన పుట్టిన తేదీ, ఇంకేముంటుంది! మార్చేశాను. ఉన్న షేర్లు అలాగే ఉంచి, జాకెట్లు కుట్టి దాచుకున్న డబ్బుతో ఇంకో మూడొందలు కొన్నాను. కొన్నట్టు మెసేజ్ రాగానే వంటింట్లో ఒక్కదాన్నే నవ్వేశాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

పదకొండింటికి ఫోన్ మోగింది.

"ఊఁ, చదువు."

"అమ్మటం లేదండి. ఇంకో మూడొందలు కొన్నాను."

కొట్లో ఎవరో యూరియా అడుగుతున్నారు.

"పిచ్చా నీకు? అంతా పోతే?"

"పోతే నాది పోద్దండి. భోజనానికొచ్చేటప్పుడు పెరుగు ప్యాకెట్ పట్టుకురండి, చదువులో పడి పాలు తోడు పెట్టలేదు."