కాలని ఇంజన్

మా ఇంట్లో ఎవరు ఏది పాడుచేసినా ఏసుపాదం పేరే ఎత్తుతారు. పాలు మాడితే "పొయ్యి దగ్గర ఏసుపాదాన్ని కూర్చోబెట్టారా?" అంటారు. మిక్సీ కాలిపోతే "ఏసుపాదం చేతికిచ్చారా ఏంటి?" అంటారు. మా బాబాయి గోపాలకృష్ణ ఏ పెళ్ళిలోనైనా బంతిలో కూర్చుంటే ఆ కథ చెప్పకుండా లేవడు.

ఏసుపాదం మా తాత వెంకటరత్నం గారి కారు డ్రైవరు. రేడియేటర్లో నీళ్ళు పోయకుండా తోలి, నిక్షేపంలాంటి ల్యాండ్‌మాస్టర్ ఇంజన్ని కాల్చేశాడట. తాత ఆ రోజే అతన్ని పనిలోంచి తీసేసి, కారుని కొల్లూరులో మా పొలం పక్కనున్న రేకుల షెడ్డులో పెట్టించి తాళం వేశాడు. ఇది జరిగి యాభై ఏళ్ళు. అప్పటికి నేను పుట్టనేలేదు.

నాకు తెనాలిలో ట్రావెల్స్ ఉంది. పెళ్ళిళ్ళకీ ప్రయాణాలకీ కార్లు పంపిస్తాను. కార్లతో నాకు ఓపిక ఎక్కువ, మనుషులతో తక్కువ. అందుకే ఈ వేసవిలో బాబాయి ఫోన్ చేసి, "కావేరీ, అరటిగెలలు దింపుకోడానికి ఆ షెడ్డు ఖాళీ చేయిస్తున్నా, లోపల కారుని రేపు పాత ఇనుము వాడు పట్టుకుపోతాడు," అన్నప్పుడు, పళ్ళెంలో చెయ్యి కడుక్కుని కొల్లూరు బయల్దేరాను.

తాళం తుప్పు పట్టి ఊడి రాలేదు, గొళ్ళెమే విరగ్గొట్టాల్సి వచ్చింది. లోపల ఊక బస్తాలు, చిరిగిన వలలు, పందికొక్కులు తవ్విన మట్టి. వాటి వెనక టార్పాలిన్ కింద కారు. టార్పాలిన్ లాగితే దుమ్ము రేగి బాబాయి దగ్గుకుంటూ బయటికి పారిపోయాడు. నాలుగు టైర్లూ నేలకి అతుక్కుపోయాయి. అయినా మీగడ రంగు మీద దుమ్ము తుడిచిన చోటల్లా కంపెనీ పెయింటే కనిపించింది. అద్దాలు పగల్లేదు. డ్యాష్‌బోర్డు మీద మీటర్లన్నీ ఉన్నాయి. ఎవడూ వేలు పెట్టని కారు! ఇలాంటిది దొరకడం ఎంత అరుదో నాకు తెలుసు. నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు.

"ఇంజన్ కాలిన కారుని ఏం చేసుకుంటావే? ఏసుపాదం ప్రసాదమది!" అని బాబాయి బయటినుంచే నవ్వాడు.

"నువ్వు ముందు ఆ ఇనుము వాడికి ఫోన్ చేసి రావద్దని చెప్పు," అన్నాను.

కారుని లారీ మీద తెనాలి తెచ్చి, చెంచుపేటలో చిట్టిబాబు గ్యారేజీలో దింపించాను. నా కార్లన్నీ చూసేది చిట్టిబాబే. పని బాగా చేస్తాడు, చెప్పిన రోజుకి మాత్రం ఇవ్వడు. మా ఇద్దరి ప్లానూ ఒకటే: మాడిన ఇంజన్ తీసేసి డీజిల్ ఇంజన్ ఒకటి కూర్చోబెట్టడం, తళతళలాడే ఎర్ర పెయింటు, తెల్ల రెక్సిన్ సీట్లు. పెళ్ళి ఊరేగింపులకి జనం ఎగబడతారని లెక్క వేసుకున్నాను. వెనక సీటు మీద పెద్ద నల్లటి మరక ఉంది. కప్పు మీంచి నీళ్ళు కారి ఉంటాయనుకుని దాని గురించి ఆలోచించలేదు.

వారం తర్వాత చిట్టిబాబు ఫోన్ చేసి, "అక్కా, ఒకసారి రా. చూపించాలి," అన్నాడు.

వెళ్ళేసరికి ఇంజన్ బల్ల మీద విప్పి ఉంది. పిస్టన్లు, బేరింగులు వరసగా పరిచి ఉన్నాయి.

"ఇది కాలిన ఇంజన్ కాదక్కా," అన్నాడు.

"మరి తిరగడం లేదుగా?"

"కూర్చుని కూర్చుని తుప్పుకి పట్టేసింది. డీజిలు పోసి నానబెడితే వదిలేసింది. నీళ్ళు లేక కాలితే పిస్టన్లు గీరుకుపోతాయి, హెడ్డు వంకరపోతుంది. ఇదిగో చూడు, ఎక్కడన్నా గీత ఉందా?"

ఎక్కడా లేదు. పదిహేనేళ్ళుగా ఇంజన్లు చూస్తున్నదాన్ని, నా కళ్ళని నేను నమ్మకపోతే ఎలా? బేరింగులు వేలితో రాస్తే అద్దంలా ఉన్నాయి.

"వేరే ఎవరన్నా మళ్ళీ బాగుచేశారేమో," అన్నాను.

"విప్పిన ఇంజన్ తెలీదా అక్కా? దీన్ని మొదటిసారి విప్పింది నేనే."

అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయాను. ఇంజన్ కాలకపోతే ఏసుపాదం ఏ తప్పూ చెయ్యలేదు. ఏ తప్పూ చెయ్యని మనిషి పేరుతో మా ఇంట్లో యాభై ఏళ్ళుగా పాలు మాడుతున్నాయి. తాత అబద్ధం చెప్పాడా? ఎందుకు? మంచి కారుని ఊళ్ళో అంత పేరున్న మనిషి ఎందుకు మూలన పడేస్తాడు?

"ఆ ఏసుపాదం ఉన్నాడో పోయాడో," అన్నాను.

"రేపల్లెలో ఉన్నాడుగా! మా అక్క వాళ్ళ వీధే. పెద్దాయన. ఆ కారు గొడవ తర్వాత ఎవరూ స్టీరింగ్ ఇవ్వలేదంట. రిక్షా తొక్కాడు, మిల్లులో వాచ్‌మన్ చేశాడు," అన్నాడు చిట్టిబాబు.

బాబాయికి ఫోన్ చేశాను. "నేనప్పుడు నిక్కర్లు వేసుకునేవాణ్ణి, నాకేం తెలుసు? మీ అత్తనడుగు," అని పెట్టేశాడు. కథ చెప్పడానికి మాత్రం నిక్కర్లు అడ్డం రాలేదు.

మా మేనత్త మాణిక్యమ్మ బాపట్లలో ఉంటుంది. మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. వెళ్ళేసరికి వసారాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నేను కారు సంగతి ఎత్తగానే చెయ్యి ఆపకుండానే చెప్పేసింది, యాభై ఏళ్ళుగా ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదన్నట్టు.

"ఇంజన్‌కేమైంది, ఏం కాలేదు. అంకమ్మ అని మన పొలంలో కూలికొచ్చేది. పసుపు చేలో నొప్పులొచ్చాయి. నాన్న వేరేవాళ్ళ కార్లో గుంటూరు వెళ్ళాడు. బండి కట్టి తీసుకెళ్ళేదాకా ఆగేట్టు లేదు. ఏసుపాదం ఎవర్నీ అడక్కుండా ఆమెని కార్లో పడేసుకుని తెనాలి ఆస్పత్రికి తోలాడు. వేమూరు దాటగానే వెనక సీట్లోనే కాన్పయిపోయింది."

"తల్లీబిడ్డా?"

"బానే ఉన్నారు. ఆడపిల్ల. అతను తిరిగొచ్చి కాలవ దగ్గర కారంతా కడిగాడు. కానీ అమ్మ ఎక్కనంది. కూలి మనిషి పురుడు పోసుకున్న సీట్లో నేను కూర్చోవాలా అని రెండు రోజులు అన్నం మానేసింది. పురుడొక్కటే అయితే పసుపు నీళ్ళు చల్లి ఊరుకునేదేమో. ఏ కులం పురుడనేది కూడా ఉంది కదే."

"తాత ఏమన్నాడు?"

"నాన్న ఏమంటాడు? ఊరూరా సహపంక్తి భోజనాలు పెట్టించి ఉపన్యాసాలిచ్చే మనిషి. మా ఆవిడ మైలపడిన కారెక్కట్లేదని ఎవరితో చెప్పుకుంటాడు? అమ్మకి ఎదురు చెప్పలేడు, ఊళ్ళో పరువు పోగొట్టుకోలేడు. ఇంజన్ కాలిందన్నాడు. అలా అన్నాక కారు అమ్మడానికీ లేదు, కొన్నవాడు స్టార్ట్ చేస్తే తెలిసిపోతుంది. షెడ్డులో పెట్టేశాడు."

"ఏసుపాదం గురించి ఆలోచించలేదా?"

అత్త మొదటిసారి తలెత్తింది. "ఇంజన్ కాలితే ఎవరో ఒకరు కాల్చాలి కదే," అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. అత్త మీదా, పోయిన తాత మీదా, నాయనమ్మ మీదా, ఇన్నాళ్ళూ ఆ జోక్‌కి పగలబడి నవ్విన అందరి మీదా. టిఫిన్ తిని వెళ్ళమన్నా వినకుండా లేచి వచ్చేశాను. బస్సులో అంతా ఒకటే అనుకున్నాను. ఈ కారు తన ఇంజన్‌తోనే నడవాలి. రేపల్లెలో ఆయన గుమ్మం ముందు నిలబడాలి. ఆయన బతికుండగానే.

గ్యారేజీకెళ్ళి చిట్టిబాబుతో, "డీజిల్ ఇంజన్ వద్దు. పెయింట్ వద్దు. సీటు ముట్టుకోవద్దు," అని చెప్పాను.

"ఆ మరకైనా తీయిద్దామక్కా."

"ముట్టుకున్నావంటే ఊరుకోను."

కారణం చెప్పాక పనిలోకి దిగాడు. పాత రింగులు తీసి కొత్తవి వేశాడు. గ్యాస్కెట్లు తనే కత్తిరించుకున్నాడు. కార్బురేటర్ పెట్రోల్లో కడిగాడు. ఎలకలు కొరికిన వైర్లన్నీ మార్చాడు. బ్రేకులకి సామాన్లు దొరక్క చాలా తిరిగాం. ఈ మధ్యలో చిట్టిబాబు అక్క ఫోన్ చేసి, పెద్దాయనకి జ్వరం, మంచం దిగట్లేదని చెప్పింది. ఆ వారమంతా నేను గ్యారేజీలోనే కూర్చుని చిట్టిబాబు ప్రాణం తీశాను. చెప్పిన రోజుకి చిట్టిబాబు పని పూర్తి చెయ్యడం నేను అప్పుడే చూశాను.

మొదట సెల్ఫ్ కొడితే గుర్రుమని ఊరుకుంది. చిట్టిబాబు ముందు హ్యాండిల్ పెట్టి తిప్పాడు. దగ్గింది, పొగ కక్కింది, ఆగింది. మళ్ళీ తిప్పాడు. ఈసారి అందుకుంది. గ్యారేజీలో ఉన్నవాళ్ళందరూ చప్పట్లు కొట్టారు. నేను ఏడ్చాను. సిగ్గేం పడలేదు.

ఆదివారం వేమూరు, భట్టిప్రోలు మీదుగా నేనే తోలుకుంటూ రేపల్లె వెళ్ళాను. మీగడ రంగు పెచ్చులు లేచి ఉంది, డోర్ల కింద తుప్పు. దారిపొడుగునా జనం ఫోన్లు పట్టుకుని చూశారు. ఊళ్ళోకొచ్చి చిట్టిబాబు చెప్పిన వీధిలోకి తిరిగేసరికి, సందు చివర రేకుల ఇంటి అరుగు మీద ఓ సన్నటి ముసలాయన దుప్పటి కప్పుకుని కూర్చుని ఉన్నాడు. కారు కనపడక ముందే చప్పుడుకి లేచి నిలబడ్డాడు.

ఇంజన్ ఆపకుండా దిగాను. దారంతా అనుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు.

"బాబాయ్ గారూ, నేను వెంకటరత్నం గారి మనవరాల్ని, కావేరిని. ఇంజన్ కాలలేదండి. విప్పి చూశాం. మా తాత అబద్ధం చెప్పాడు."

ఆయన నన్నూ కారునీ చూశాడు. "నాకు తెలుసుగా అమ్మా. షెడ్డులో పెట్టి ఇంజనాపింది నేనే," అన్నాడు.

నిజమే కదా! ఊరంతటికీ తెలియాల్సిన మాటని, అది ముందే తెలిసిన ఒకే ఒక్క మనిషికి చెప్పడానికి ఇంత దూరం వచ్చాను. తెలివితక్కువదానిలా నిలబడ్డాను.

"మరి అప్పుడే అందరికీ ఎందుకు చెప్పలేదండి?"

"చెప్తే, మరి కారెందుకు పక్కన పెట్టారని అడుగుతారు. అంకమ్మ పేరొస్తుంది. ఆమెకీ ఆమె మొగుడికీ మీ చేలోనే పని. పచ్చి బాలింత. ఎక్కడికి పోద్ది? ఆ పిల్ల ఇప్పుడు కర్లపాలెంలో అంగన్‌వాడీ టీచరమ్మా." మళ్ళీ కారు వైపు చూశాడు. "ఎవరికీ చెప్పలేదని కాదు. ఒక్క మనిషికి చెప్పాను."

ఇంటి పక్క నుంచి ఆయన భార్య సారమ్మ తడి చేతులతో వచ్చి ఎప్పుడు నిలబడిందో నేను చూడలేదు. ఆవిడ నా వైపు రాలేదు. తిన్నగా కారు దగ్గరికెళ్ళి బానెట్ మీద అరచెయ్యి ఆనించింది. లోపల ఇంజన్ ఆడుతుంటే ఆవిడ చేతిగాజులు సన్నగా చప్పుడు చేశాయి.

"ఆ రాత్రే చెప్పాడమ్మా నాకు. బైబిలు మీద చెయ్యేసి చెప్పాడు," అంది. "నేన్నమ్మలేదు. వెంకటరత్నం గారంతటి మనిషికి అబద్ధమాడే కర్మేంటి అనుకున్నా. ఈయనే తాగి తోలుంటాడులే అనుకున్నా."

"తాగేవారా?"

"ఏ రోజూ లేదు."

ఏసుపాదం దుప్పటి సర్దుకున్నాడు. "పోనీలే సారా," అన్నాడు.

"రిక్షా తొక్కొచ్చి కాళ్ళు పట్టేస్తే, నువ్వు చేసుకున్నదేగా అనేదాన్ని. పిల్లల ముందు అనేదాన్ని," అంది ఆవిడ, ఆయన వైపు చూడకుండానే.

ఆయన మెల్లగా గుమ్మం వైపు తిరిగి, "ఎండలో ఎంతసేపుంటావమ్మా, లోపలికి రా, కాఫీ తాగుదువు గాని," అని నన్ను పిలిచాడు.

ఇంజన్ ఆపబోతే సారమ్మ వద్దని తలూపింది. నేను లోపలికెళ్ళి పీట మీద కూర్చున్నాను. ఆవిడ రాలేదు. కాఫీ ఆయనే పెట్టాడు.