'ప్రజలు' అని రాసిన అట్ట

నేను ఒక అట్టముక్కను. బడికి సీలింగు ఫ్యాను వచ్చిన పెట్టెకు మూతగా ఉండేదాన్ని. ఫ్యాను బిగించిన నాడే లోకనాథం మాస్టారు నన్ను కత్తిరించి, రెండు చిల్లులు పొడిచి, పురికొస గుచ్చి, నా మీద లావుగా 'ప్రజలు' అని రాశారు. అదే పెట్టెలోంచి రాజు, మంత్రి, కలెక్టరు కూడా పుట్టారు. మేమంతా ఒక పెట్టె బిడ్డలమన్న సంగతి తర్వాత ఎవరికీ గుర్తులేదు.

ఆయన సోషల్ మాస్టారు. పాఠాన్ని పుస్తకంలోంచి చదివి వినిపించడం ఆయనకు చేతకాదు. కథ చెప్పి, మమ్మల్ని పిల్లల మెడల్లో వేసి, ఇక మీరే నడపండి అనేవారు. రాజు అట్ట కోసం పిల్లలు జుట్లు పట్టుకునేవారు. నేను మాత్రం ఆలస్యంగా వచ్చినవాళ్ల వంతు. ఒక్క ఏడో తరగతి కుసుమే నన్ను అడిగి మరీ వేసుకునేది. ఒకసారి కరువు పాఠంలో రాజు శిస్తు తగ్గించనంటే ప్రజలు ఏడుస్తూ ఇళ్లకు పోవాలి. కుసుమ పోలేదు. "శిస్తు తీసీవరకూ కదలం" అంటూ నేల మీద చతికిలబడింది. వెనకున్న ఇరవైమందీ కూర్చున్నారు. అన్నం బెల్లు కొట్టినా లేవలేదు. ఆకలికి తాళలేక రాజుగారే శిస్తు ఎత్తేశారు. నా బతుకులో నేను గర్వపడిన రోజు అదొక్కటే.

తర్వాత ఊళ్లోకి కాన్వెంటు వ్యాను రావడం మొదలైంది. పిల్లలు ఒక్కొక్కరే అటు వెళ్లిపోయారు. ఏ పాత్ర తీసేయాలా అని మాస్టారు తల పట్టుకున్నారు. రాజు లేనిదే పాఠం నడవదు, కలెక్టరు లేకపోతే అసలే నడవదు. చివరికి నన్ను ఒక ఖాళీ కుర్చీకి తగిలించారు. కుసుమకు కలెక్టరు వేషం తప్పలేదు.

బడిలో ఏడుగురు మిగిలేసరికి, మండల కేంద్రంలోని హైస్కూల్లో కలిపేస్తామని కాగితం వచ్చింది. ఊరివాళ్లు వద్దంటే ఆలోచిస్తామని ఒక అధికారి వచ్చి మా తరగతిలోనే మీటింగు పెట్టారు. కుసుమకు అది చావుబతుకుల సంగతి. "అంత దూరం ఆడపిల్లని పంపీది నేదు. బడి మూసీస్తే నాతోపాటు జీడిపిక్కలు కొట్టీ షెడ్డుకి రావలసిందే" అని వాళ్లమ్మ ముందే చెప్పేసింది.

మీటింగుకు పదిమంది వచ్చారు. వాళ్లలో ఎనిమిదిమంది తమ పిల్లల్ని వ్యానెక్కించినవాళ్లే. ఎవరూ నోరు మెదపలేదు. బడిని కలపడానికి ఒప్పుకుంటున్నామని రాసిన సంతకాల కాగితాన్ని అధికారి ముందుకు తోశారు. అప్పుడు కుసుమ కుర్చీ దగ్గరికి వెళ్లి, నన్ను తీసి మెడలో వేసుకుని, ఆయన ఎదుట నేల మీద కూర్చుంది.

"మా బడి ముయ్యకండి, సార్. మూసీస్తే నా సదువు ఆగిపోద్ది. మీరు ఒప్పుకొనీవరకూ నాను ఇక్కడే కూకుంటాను."

ఆ పిల్ల గుండె దడదడ కొట్టుకోవడం నాకు తెలుస్తూనే ఉంది. నేనున్నది దాని మీదే కదా.

అధికారి ముఖం విప్పారింది. "ఎంత బాగా చేసిందండీ పాప. మాస్టారూ, మీరే నేర్పారా? ఏదీ, అందరూ చప్పట్లు కొట్టండి" అన్నారు. కొట్టారు. ఆ చప్పట్లలోనే కాగితం చేతులు మారింది. అందరూ సంతకాలు పెట్టారు. కుసుమ అమ్మ వేలిముద్ర వేసింది. మాస్టారు ఏదో చెప్పబోయి, తల దించుకుని, తానూ పెట్టారు.

జనం వెళ్లాక కుసుమ నన్ను తీసి ఆయన చేతికిచ్చింది. "ఈపాలి నాను నాటకం ఆడనేదండి, మేస్టారూ" అంది. ఆయన నన్ను మళ్లీ కుర్చీకి తగిలించి, గదికి తాళం వేశారు. సోమవారం నుంచి ఆ పిల్ల జీడిపిక్కలు కొడుతోందని, తాళం వేసిన గది అవతల వరండాలో ఎవరో అనుకుంటుంటే విన్నాను.

ఇక్కడ చెదలు నా అంచులు తింటున్నాయి. దానికి నాకు బాధ లేదు. నన్ను మెడలో వేసుకోకుండా, ఉత్తి కుసుమలా వెళ్లి అడిగి ఉంటే ఆ అధికారి నమ్మేవారేమో.