షీబా డాన్స్

మా షీబా డాన్స్ చేస్తుందని ఆళ్ళగడ్డ నుంచి నంద్యాల దాకా పేరు. తెల్లటి ఆడ గుర్రం, నుదుట అద్దాల పట్టీ, మెడలో పూసలు. బ్యాండు మొదలైతే చాలు, తల విదిలిస్తుంది, పక్కకు పక్కకు అడుగులేస్తుంది, ముందు కాళ్ళు గాల్లోకి లేపుతుంది. పైన పెళ్ళికొడుకు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుంటే కింద జనం ఈలలేస్తారు. పెళ్ళిళ్ళకు గుర్రాన్ని తిప్పడమే మా బతుకుతెరువు. ఎవరు నేర్పించారని అడిగితే మా ఆయన జీవన్ కుమార్ మీసం దువ్వి, "పుట్టుకతో వచ్చిన విద్యప్పా" అంటాడు.

దానికి మేత వేసేది మాత్రం నేను. ఈ వేసవిలో అది గడ్డిని నమిలి నమిలి ముద్దలు చేసి కింద వదిలేయడం మొదలుపెట్టింది. ఒక ముద్ద చేతిలోకి తీసుకుని చూస్తే ఎర్రటి జీర. ఆయనకు చూపించాను.

"ఎండకు వేడి చేసింటాది. మజ్జిగ తాపు" అన్నాడు.

గుర్రానికి మజ్జిగ! నాకు ఒళ్ళు మండింది. రెండు రోజులు పోరు పెడితే గానీ వ్యాన్ తీయలేదు. నంద్యాలలో పశువుల డాక్టరు ఇంద్రజ దగ్గరకు తీసుకుపోయాం. ఆమె షీబా నోరు మూతపడకుండా ఇనుప చట్రం బిగించి, టార్చి వేసి, మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టింది. మా ఆయన ఆ సమయానికి బయట ఫోన్లో ముహూర్తాలు మాట్లాడుతున్నాడు.

డాక్టరమ్మ నన్ను దగ్గరకు పిలిచి చూపించింది. దవడ పళ్ళ అంచులు కత్తుల్లా లేచి ఉన్నాయి. రెండు చెంపలూ లోపల కోసుకుపోయి పుండ్లు పడ్డాయి. ముందు పళ్ళకూ దవడ పళ్ళకూ మధ్య ఖాళీ చిగురుంటుంది, కళ్ళెం కూర్చునేది అక్కడే. సరిగ్గా అక్కడ చిన్న పన్నొకటి మొలిచి ఉంది. పగ్గం లాగినప్పుడల్లా ఇనుము పోయి దానికే తగులుతుంది.

"ఊరేగింపుల్లో తల విదిలిస్తుందా?" అని అడిగింది.

"డాన్స్ చేస్తాది మేడం."

"డాన్స్ కాదమ్మా. నొప్పి."

ఎన్ని పెళ్ళిళ్ళు, ఎన్ని ఈలలు! అదంతా నొప్పి ఓర్చుకోలేక గింజుకోవడమా?

డాక్టరమ్మ ఆరోజే పదును అంచులు అరగదీసింది. పుండ్లు మానాక ఆ చిన్న పన్ను తీస్తానంది. అప్పటిదాకా నోట్లో ఇనుము పెట్టొద్దు, ముక్కు మీదుగా పట్టీ వచ్చే తలకట్టు వాడండి, అది కూడా చెంపలను నొక్కకూడదు, పట్టీ కింద రెండు వేళ్ళు దూరాలి అని చెప్పింది. పన్ను తీశాక కూడా నోటి వెడల్పు కొలిచి, నున్నటి కళ్ళెం చూసి పెట్టాలట.

చెప్పినంత తేలిగ్గా దొరికితేనా? పెళ్ళి సామాన్ల అంగళ్ళన్నీ తిరిగాను. కుచ్చులు, అద్దాలు, మెరుపులు. వీడియోలో బాగా పడటానికి కావలసినవన్నీ ఉన్నాయి, గుర్రం నోటికి కావలసింది ఒక్కటీ లేదు. ఒకాయన లోపలి వైపు ముళ్ళున్న కళ్ళెం తీసి నా ముందు పడేశాడు.

"ఇది తీస్కోక్కా. ఎంత పొగరు గుర్రమైనా దారికొస్తాది."

"దానికి పొగరు కాదన్నా, పన్ను నొప్పి."

"అట్లైతే ఇంకా బేగా మాట వింటాది."

ఆ కళ్ళెం అతని మొహాన కొట్టాలనిపించింది. చివరికి బ్యాగులు కుట్టే వెంకటమ్మ దగ్గర సాయంత్రం దాకా కూర్చుని, మెత్తటి తోలుకు లోపల దుప్పటి ముక్కలు పెట్టి తలకట్టు కుట్టించాను. తొడిగితే షీబా చెవులు కూడా కదపకుండా నిలబడింది. నాకు ఏడుపొచ్చింది.

"సరే, నీ ఇష్టం" అన్నాడు మా ఆయన. అంత తేలిగ్గా ఒప్పుకున్నాడేందని నాకు అనుమానం రావాల్సింది.

తర్వాతి పెళ్ళి దొర్నిపాడులో, పొద్దున పూట. ఆయనతో పాటు నేనూ పోయాను. బ్యాండు వాళ్ళు ఊగిపోతున్నారు. షీబా మాత్రం కాలువ గట్టు వెంట తాపీగా, బుద్ధిగా నడుస్తోంది. దాన్ని అలా ఎప్పుడూ చూడలేదు. నేను మురిసిపోయేలోపే ఫోన్లు పైకెత్తిన కుర్రాళ్ళు ఒక్కొక్కరే దించేశారు. పెళ్ళికొడుకు మేనమామ వెంకటేశ్వర్లు వచ్చి పగ్గం పట్టుకున్నాడు.

"ఏందప్పా ఇది? డాన్స్ గుర్రమని చెప్పి బర్రెను తోలకొచ్చినావా?"

మా ఆయన సంచిలోంచి పాత ఇనుప కళ్ళెం తీశాడు. తెచ్చుకున్నాడన్నమాట! షీబా మూతి దగ్గరకు పెడితే అది దవడలు బిగించేసింది.

"లూదియా, నువ్వు రా. నీకైతే తెరుస్తాది."

"పుండ్లు మానలేదు. కావాలంటే నీ నోట్లో పెట్టుకో."

జనం నవ్వారు. వెంకటేశ్వర్లు నవ్వలేదు. "అంత పుండ్లు యాడుండాయమ్మా? చూపీ."

కళ్ళతో చూస్తే మనిషన్నవాడు ఊరుకుంటాడనుకున్నాను. షీబా పెదవి మూలన బొటనవేలు పెట్టాను. నన్ను నమ్మి నోరు తెరిచింది. వెంకటేశ్వర్లు వంగి, సంతలో ఎద్దును చూసినట్టు దాని ముందు పళ్ళు చూశాడు.

"ఆరేండ్లు గూడా నిండలే! మంచి పాయం. ఇంకా పదేండ్లు ఆడతాది. పెట్టప్పా కళ్ళెం."

చుట్టూ ఉన్న మగవాళ్ళంతా అవునవునని తలలూపారు.

"లోపల చూడన్నా, ఇంకా లోపల!" అని అరిచాను. అప్పటికే ఆయన చెయ్యి కండువాకు తుడుచుకుంటూ పోతున్నాడు.

ఇంక నేను ఆగలేకపోయాను. మా ఆయన చేతిలోని కళ్ళెం లాక్కుని కాలువలో విసిరేశాను. పగ్గం నేనే పట్టుకుని నడిచాను. పైన పెళ్ళికొడుకు ఉన్నాడు కాబట్టి ఊరేగింపు తిట్టుకుంటూనే నా వెనక వచ్చింది. ఆడపెళ్ళివారి గుమ్మం దాకా ఒక్క ఈల కూడా వినపడలేదు.

తిరుగుదారిలో మా ఆయన వ్యాన్ నడుపుతూ మెల్లగా అన్నాడు. "కొత్తపల్లె పెళ్ళోళ్ళు ఫోన్ చేసినారు. డాన్స్ లేకుంటే వద్దంట." ఇంకొంచెం దూరం పోయాక, "దానికి నొప్పి లేకుంటే మనకు కూడు యాడిదే?" అన్నాడు.

అన్నాక ఆ మాట తనకే వినపడినట్టు వ్యాన్ పక్కకు ఆపేశాడు. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. తిడదామని ఆయన వైపు తిరిగాను. ఆయన కళ్ళు చెమ్మగిల్లి ఉన్నాయి. తిట్టు నోట్లోనే ఉండిపోయింది. దిగి వెనక్కి పోయి, షీబా తలకట్టు పట్టీ కింద రెండు వేళ్ళు దూరుతున్నాయో లేదో చూశాను.