కఫన్ మోసిన అందగాడు

షెహాబ్‌ను దౌలత్ మొదట చూసింది కైరో రింగు రోడ్డు మీద, జుట్టునూనె ప్రకటనలో. బోర్డు అంత పెద్దదైనా ఆ జుట్టు పట్టక, పైన ఇంకో ముక్క అతికించారు. ట్రాఫిక్‌లో టాక్సీ సరిగ్గా దాని కిందే ఆగింది.

"ఈ జుట్టు కింద మనిషంటూ ఒకడున్నాడంటావా అమ్మా?" అన్నాడు డ్రైవరు.

దౌలత్ నవ్వింది. నెల తిరక్కుండా ఆ జుట్టు తన కొడుకును చంపిన హంతకుడి వేషం కట్టి ఎదురుగా నిలబడుతుందని అప్పటికి ఆమెకు తెలియదు.

షెహాబ్‌ది జగాజీగ్ పట్నం. వాళ్ల నాన్నకు బాత్రూము టైల్సు దుకాణం ఉంది. కొడుకును గుమ్మం దగ్గర నిలబెడితే బేరాలు పెరుగుతున్నాయని ఆయనే ముందు కనిపెట్టాడు. అలా నిలబడడమే షెహాబ్ నేర్చుకున్న మొదటి విద్య. తర్వాత చొక్కాల కంపెనీ వాళ్లు నడవడం నేర్పారు. నడిచి వెళ్లి ఆగడం, భుజం మీదుగా ఓ చూపు చూడడం, తిరిగి రావడం. ఆపైన ఒక పాట వీడియోలో గాయని ఏడుస్తుంటే వానలో తడిశాడు. అది చూసిన నిర్మాత భార్య, ఈ కుర్రాడి కళ్లలో ఎంతో బాధ ఉందంది. కళ్లలో ఉన్నవి వాన నీళ్లని ఆవిడకు చెప్పే ధైర్యం ఆ ఆఫీసులో ఎవరికీ లేకపోయింది. హీరో అయిపోయాడు.

దౌలత్ నాటకాల్లో పేరు తెచ్చుకున్న మనిషి. వయసు మీద పడ్డాక సీరియళ్లలో తల్లయింది, ఆ తర్వాత తలుపు వెనకనుంచి మాట్లాడే తల్లయింది, చివరికి ఫోన్లో వినిపించే తల్లయింది. చాలా ఏళ్లుగా ఆమె ముఖం తెర మీద పడలేదు. అందుకే దర్శకుడు వజీహ్ ఇంటికొచ్చి, "హంతకుడు తన శవానికి చుట్టాల్సిన కఫన్ గుడ్డ తానే తెస్తాడు, మీరు అందుకుంటారు. అప్పుడు కెమెరా మీ ముఖం మీదే ఉంటుంది, దౌలత్ గారూ. కొడుకు పోయిన దుఃఖం, వాడిని క్షమించడం, రెండూ ఆ ముఖంలోనే కనపడాలి" అన్నప్పుడు, ఆమె ఇంకేమీ అడగలేదు. ఆ ఒక్క షాటు కోసం మోకాళ్ల నొప్పులతో రాత్రంతా రైల్లో కూర్చుని కేనా దాకా వెళ్లింది.

చెరుకు తోటల మధ్య ఊరు. మట్టింటి వాకిట్లో షూటింగు. చుట్టూ నిలబడాల్సిన జనం ఆ ఊరివాళ్లే. అక్కడ కుటుంబాల మధ్య కక్షలు తెగాలంటే హంతకుడు తన కఫన్ గుడ్డను తానే రెండు చేతుల మీద పెట్టుకుని, చెప్పుల్లేకుండా, తలకు ఏమీ లేకుండా, చచ్చినవాడి ఇంటికి రావాలి. వాళ్లు అందుకుంటే బతికాడు. అందుకోకపోతే ఆ గుడ్డ వాడిదే. ఇది ఆ జనానికి ఎవరూ నేర్పక్కర్లేదు.

షెహాబ్ గొడుగు కింద ఉడికించిన గుడ్లలో తెల్లసొన మాత్రం ఏరుకు తింటున్నాడు. మేకప్ చేసే అజీజా అతని జుట్టుకు దుమ్ము రాస్తే దులిపేశాడు. నూనె కంపెనీతో ఒప్పందం ఉందట, జుట్టు మురికిగా కనపడకూడదట.

"మనిషిని చంపొచ్చుగాని జుట్టు చెరగకూడదు. మంచి ఒప్పందం" అంది అజీజా దౌలత్ చెవిలో.

మొదటి టేకులో షెహాబ్ నడిచి వచ్చాడు. గడ్డం పైకెత్తి, ఒక కాలి ముందు ఇంకో కాలు వేస్తూ. వాకిలి మధ్యకొచ్చి ఆగాడు. కఫన్ ఒక చేతి మీదకు కోటులా మార్చుకుని, భుజం మీదుగా చూశాడు.

జనంలో ఒక ముసలాయన పక్కవాడితో అన్నాడు: "ఏరా, ఈ పిల్లాడు ఆ గుడ్డ ఇవ్వడానికొచ్చాడా, అమ్మడానికొచ్చాడా?"

"అమ్మడానికే, మావా. మీటరు ఎంతో అడుగు, నీకూ పనికొస్తుంది."

నవ్వులు ఆగడానికి చాలాసేపు పట్టింది. తర్వాతి టేకులూ అంతే. ఎండ వాలుతోంది. అతని నడక తేలితేగాని ఆమె ముఖం వంతు రాదు. సాయంత్రానికి ఆ వాకిలి ఖాళీ చేయాలి, మర్నాడు ఆ ఇంట్లో పెళ్లి. వజీహ్ వచ్చి దౌలత్‌ను బతిమాలాడు. "మీరొక మాట చెప్పి చూడండి, అమ్మా."

ఆమె గొడుగు దగ్గరకెళ్లింది. "బాబూ, నువ్వు ఎవర్ని చంపావు?"

"స్క్రిప్టులో పేరుంది ఆంటీ. హసనో, హుస్సేనో."

"నా కొడుకుని."

"ఆ, అవునవును. సారీ ఆంటీ." కాసేపు ఆలోచించి అడిగాడు, "నా కుడివైపు బాగుంటుంది. అది కెమెరాకు కనపడేలా మీరు కొంచెం పక్కకు జరిగి కూర్చుంటారా?"

ఆంటీ అని ఆమెను ఆ రంగంలో ఎవరూ పిలవలేదు. వెనక్కి వచ్చి గడపలో కూర్చుంది.

ఆఖరి టేకు. షెహాబ్ అదే నడకతో వచ్చి చేతులు చాచాడు. ఆమె లేచి కఫన్ మీద చెయ్యి వేయాలి. అతను పెదాలు కదపకుండా గొణిగాడు: "తొందరగా తీసుకోండాంటీ, చేతులు లాగేస్తున్నాయి."

దౌలత్ లేచింది. అతని వంక ఒక్క చూపు చూసి, వెనక్కి తిరిగి, లోపలికెళ్లి తలుపు గడియ పెట్టింది.

అది ఎవరూ రాయలేదు. కానీ ఊరివాళ్లకు అర్థం చెప్పక్కర్లేదు. ఇందాక ఎగతాళి చేసిన ముసలాయన కర్ర పట్టుకుని లేచాడు. దగ్గరగా నిలబడినవాళ్లు షెహాబ్ నుంచి దూరం జరిగారు. ఒక ఆడమనిషి పిల్లను వెనక్కి లాక్కుంది. షెహాబ్ వజీహ్ వైపు చూశాడు. వజీహ్ ఆపమనలేదు. జనం వైపు చూశాడు. ఒక్కరూ నవ్వలేదు. నోరు తెరుచుకుంది. నడవడం, ఆగడం, భుజం మీదుగా చూడడం, అన్నీ మర్చిపోయి, కఫన్ ఒళ్లో పెట్టుకుని దుమ్ములో మోకాళ్ల మీద కూలబడ్డాడు. జుట్టు ముఖం మీద పడింది.

లోపల చీకట్లో, ఉల్లిపాయల బస్తాల పక్కన నిలబడి దౌలత్ ఊపిరి పీల్చుకుంది. ఇక వాడిని పంపించేస్తారు, ఆ వేషానికి నటుణ్ణి తెస్తారు అనుకుంది. బయట చప్పట్లు వినిపించాయి. గడియ తీయగానే వజీహ్ లోపలికొచ్చి ఆమె తల మీద గౌరవంగా ముద్దు పెట్టుకున్నాడు.

"సినిమాను బతికించారమ్మా. వాడి ముఖం చూడాల్సింది."

"మరి నా ముఖం?"

"ఇంక ముఖమెందుకమ్మా? మీ వీపు చాలు."

సినిమా ఆడింది. పోస్టర్ల మీద షెహాబ్ మోకాళ్ల మీదున్నాడు. అతని మౌనం గురించి పత్రికలు పేజీలు పేజీలు రాశాయి. హంతకుడి మనసు తెలుసుకోవడానికి ఎంతకాలం ఒంటరిగా గడిపిందీ అతను టీవీలో చెప్పాడు. దౌలత్ ఆంటీ బాగా సహకరించారని కూడా అన్నాడు. మొదటి ఆట రోజు దౌలత్, అజీజా వెనక వరసలో కూర్చున్నారు. తెర మీద నల్ల శాలువా ఒకటి తిరిగి, తలుపు మూసుకుంది.

"వీపైనా నీదని తెలుస్తోందిలే" అంది అజీజా.



ఇంటికి టాక్సీలో వస్తుంటే అదే రింగు రోడ్డు, అదే చోట కొత్త బోర్డు. షెహాబ్ మోకాళ్ల మీదున్నాడు. జుట్టుకు ఈసారి దుమ్ము పట్టించారు, అందంగా, అక్కడక్కడా. చాచిన చేతుల్లో మడతపెట్టిన తెల్ల తువ్వాలు, దాని మీద నూనె సీసా.

డ్రైవరు తల బయటికి పెట్టి చూశాడు. "ఏం చేశాడమ్మా కుర్రాడు. నా పెళ్లాం ఇంటికొచ్చాక కూడా ఏడ్చింది. ఆ తలుపేసుకున్న ముసలిదెవరోగాని, గుండె కాదది, రాయి. ఎవరంటావు?"

"ఏమో నాయనా" అంది దౌలత్. "మొహం కనపడలేదుగా."