రెండు చెంచాల సేవరీ

డల్సీ పార్డీ చెయ్యి విరిగింది మంచు వల్ల కాదు, నోటి వల్ల. క్రిస్మస్ ఇంకా మూడు వారాలుందనగా వీధి మెట్ల మీద మంచు గడ్డకట్టింది. మొగుడు చెస్, మెట్ల పక్క కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతుంటే ఆవిడకి చూడబుద్ధి కాలేదు. "ఏంటండీ ఆ దిగడం, ముసలి మేకలాగా? పాదం అడ్డంగా వెయ్యాలి. ఇటు చూడండి," అంటూ తానే ముందు నడిచి చూపించింది. రెండు మెట్లు చూపించింది. మూడోది చూపించేలోగా కింద ఉంది. చెస్ అలాగే కమ్మీ పట్టుకుని, అలాగే మేకలా దిగి వచ్చి ఆవిడని లేవదీశాడు. ఒక్క మాట అనలేదు. అదే ఆవిడకి ఒళ్ళు మండించింది.

విరిగింది కుడి చెయ్యి. మోచేతి దాకా కట్టు కట్టి ఆరు వారాలు కదపొద్దన్నాడు డాక్టరు. డల్సీ ఎడమచేతి వేళ్ళ మీద వారాలు లెక్కపెట్టుకుని చూస్తే క్రిస్మస్ సరిగ్గా నడిమధ్యన పడింది. "మరి పూర్ణం ఎవరు చేస్తారు?" అని డాక్టర్నే అడిగింది. ఆయనకేం తెలుసు?

టర్కీ కోడి పొట్టలో కూరే రొట్టె పూర్ణం అది. ఆ ఇంట్లో ముందు వాళ్ళమ్మ చేసేది, ఆవిడ పోయాక నలభై ఏళ్ళుగా డల్సీయే చేస్తోంది. పెద్ద పనేం కాదు. రెండు రోజులు ఎండనిచ్చిన ఇంటి రొట్టెని వేళ్ళతో పొడిపొడిగా నలపాలి, సన్నగా తరిగిన ఉల్లిపాయ వెన్నలో మగ్గించి పొయ్యాలి, ఉప్పూ మిరియాలూ పడాలి, ఆపైన సేవరీ. పెరట్లో పెంచి, ఎండబెట్టి, దిండు గలీబులో పోసి అటక మీద దాచుకునే ఆకు అది. ఆ న్యూఫౌండ్లాండ్ తీరంలో కోడి లేకపోయినా పండగ జరుగుతుంది గానీ సేవరీ వాసన లేకపోతే జరగదు. ఎంత వెయ్యాలన్నదే డల్సీ రహస్యం. మూడు పిడికిళ్ళు. వేసేటప్పుడు అందరికీ వీపు తిప్పి మరీ వేసేది. ఖజానా తాళం తన బొడ్లోనే ఉందని ఆవిడ నమ్మకం.

ఇప్పుడా తాళం మర్టిల్ చేతికి వెళ్ళాలి. మర్టిల్ అంటే డల్సీ తమ్ముడు సెల్బీ పెళ్ళాం. వాళ్ళది వీధికి అవతలి ఇల్లే. సెయింట్ జాన్స్ పట్నం నుంచి కాపరానికొచ్చి ఇరవై ఎనిమిదేళ్ళయింది, జుట్టు సగం నెరిసింది. అయినా డల్సీ నోట్లో ఇంకా 'టౌను పిల్లే'.

ఆ టౌను పిల్ల మీద డల్సీ దగ్గర ఒక కథ ఉంది. కాపరానికొచ్చిన మొదటి క్రిస్మస్‌కి మర్టిల్ తనూ ఒక గిన్నెడు పూర్ణం చేసి తెచ్చింది, అందులో ఆపిల్ ముక్కలు వేసి. మామగారు అజరయా ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, చాలాసేపు నమిలి, మింగి, "బావుందమ్మా. పూర్ణం ఎప్పుడు తెస్తారు?" అన్నాడు. డల్సీ ఈ కథని ఏటా క్రిస్మస్ భోజనాలయ్యాక తండ్రి గొంతు పెట్టి మరీ చెబుతుంది. ఇంటిల్లిపాదీ పొట్టలు పట్టుకుని నవ్వుతారు. మర్టిల్ కూడా నవ్వుతుంది.

పండగ ముందురోజు మధ్యాహ్నం మర్టిల్ చేతులు కడుక్కుని డల్సీ వంటింట్లో నిలబడింది. డల్సీ కట్టుచెయ్యి దిండు మీద పెట్టుకుని కుర్చీలో కూర్చుంది.

"చెప్పు వదినా. నువ్వు చెప్పడం, నేను చెయ్యడం."

"ముందు రొట్టె నలుపు. మెత్తటి పిండి చెయ్యకు. అలాగని గోలీకాయల్లా ఉంచకు."

మర్టిల్ నలిపింది. సరిగ్గా కుదిరింది. డల్సీ మెడ సాచి తప్పు కోసం వెతికింది, దొరకలేదు. ఉల్లిపాయ మాడుతుందేమో అని చూసింది. అదీ మాడలేదు. ఇంతలో చెస్ టీ కోసం వచ్చి గిన్నెలోకి తొంగిచూశాడు.

"అమ్మాయి చెయ్యి బాగానే తిరిగిందే. డల్సీ, ఇక వచ్చే ఏడు కూడా నువ్వు హాయిగా కూర్చోవచ్చు."

"ఊరుకో అన్నయ్యా, వదిన వింటోంది, ఇక నన్ను బతకనివ్వదు," అంది మర్టిల్.

వదిన వింది. హాయిగా కూర్చోవడమన్న మాట ఆవిడ గుండెల్లో రాయిలా పడింది. పూర్ణం లేకపోతే ఆ బల్ల దగ్గర తనెవరు? మెట్లు దిగడం నేర్పబోయి చెయ్యి విరగ్గొట్టుకున్న మనిషి. అంతే.

"సేవరీ ఎంత వెయ్యను?" మర్టిల్ గలీబు మూతి విప్పింది.

"రెండు చెంచాలు," అంది డల్సీ.

నోట్లోంచి ఎలా వచ్చిందో ఆవిడకే తెలియదు. మర్టిల్ గిన్నెలోకి చూసింది, రెండు పెద్ద రొట్టెల పొడి ఉంది అందులో.

"ఇంత రొట్టెకి రెండు చెంచాలేనా?"

"టీ చెంచాలు. ఎక్కువైతే చేదెక్కుతుంది."

ఆడిన అబద్ధం ఎలాగూ ఆడింది, కనీసం పెద్ద చెంచాలు అనొచ్చు కదా. పాపంలోనూ పిసినారితనమే, అని తరవాత తనని తాను తిట్టుకుంది. మర్టిల్ మాత్రం మారు మాటాడకుండా రెండు టీ చెంచాలు వేసి, కలిపి, గిన్నె మీద గుడ్డ కప్పి తన ఇంటికి పట్టుకెళ్ళింది. అంత బరువు కోడిని డల్సీ ఒంటి చేత్తో ఎత్తలేదు గనక ఈసారి కోడి కాలేది మర్టిల్ పొయ్యిలోనే.

పండగ పొద్దున్న అజరయా గంజి ముట్టలేదు. కూతురి దగ్గరే ఉంటున్న ఆయనకి తొంభై ఒకటి. ఈమధ్య తిండి బాగా తగ్గిపోయి, చెంచాతో ఆడుకుని వదిలేస్తున్నాడు.

"రెండు ముద్దలైనా తిను నాన్నా."

"వద్దే. పూర్ణానికి చోటుండాలి. ఏడాదికోసారి తినే తిండి."

డల్సీకి చెంప మీద కొట్టినట్టయింది. మరదల్ని నలుగురిలో నవ్వులపాలు చేద్దామనుకుంది గానీ, ఆ బల్ల దగ్గర నాన్న కూడా కూర్చుంటాడన్న ఆలోచనే రాలేదు. ముసలాయనకి మిగిలిన ఒక్క రుచినీ మట్టిపాలు చేసిందన్నమాట. వెంటనే ఎడమచేత్తో ఫోను తిప్పబోయి, రెండుసార్లు తప్పు నంబరు తిప్పి, మూడోసారికి మర్టిల్‌ని పట్టుకుంది.

"మర్టిల్, ఆ సేవరీ సంగతి..."

"కోడి పొయ్యిలో పెట్టి గంటన్నర అయింది వదినా. ఏం?"

"ఏం లేదు. పండగ శుభాకాంక్షలు."

"నీకు కూడా," అంది మర్టిల్, కాస్త వింతగా.

చర్చిలో డల్సీ పాట పాడలేదు, పెదాలు మాత్రం కదిపింది. ఒంటిగంటకి సెల్బీ కోడిని చేతిబండి మీద పెట్టుకుని మంచులో లాక్కొచ్చాడు. వేడి నిలవడానికి చుట్టూ దుప్పటి చుట్టి ఉంది. బల్ల మీద పెట్టి మూత తీశారు. గది నిండా గుప్పున సేవరీ వాసన లేచింది. డల్సీ నమ్మలేదు. నలభై ఏళ్ళ అలవాటుకొద్దీ తన ముక్కే తనని మోసం చేస్తోందనుకుంది. తను మోసం చేసింది గనక తన ముక్కు కూడా ఆ బాటే పట్టిందనుకుంది.

మొదటి ముద్ద అజరయాది. అది ఆ ఇంటి పద్ధతి. ఆయన చెంచా ఎత్తి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. డల్సీ తన పళ్ళెంలోని దుంపకేసి చూస్తూ కూర్చుంది. "పూర్ణం ఎప్పుడు తెస్తారు" అన్న మాట కోసం చెవులు రిక్కించి వింటోంది. ఆ మాట వస్తే తను చావాలి.

ముసలాయన రెండో ముద్ద తిన్నాడు, మూడోదీ తిన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

"అచ్చం మీ అమ్మ చేసినట్టుందే డల్సీ. ఇన్నేళ్ళకి చెయ్యి కుదిరింది నీకు."

సెల్బీ నవ్వు ఆపుకోలేక నీళ్ళ గ్లాసు అడ్డం పెట్టుకున్నాడు.

"నాన్నా, చేసింది అక్క కాదు, మర్టిల్."

"చేతులు నావి మామయ్యా," అంది మర్టిల్ తొణక్కుండా. "చెప్పింది వదిన. వదిన చెప్పినట్టే చేశాను."

కాసేపటికి మర్టిల్ కోడి పులుసుగిన్నె నింపడానికి లేస్తే, డల్సీ కట్టుచెయ్యి గుండెకి ఆనించుకుని వెనకాలే వంటింట్లోకి వెళ్ళింది.

"రెండు చెంచాలకి ఆ వాసన రాదే."

"రాలేదు," అంది మర్టిల్ గరిటె తిప్పుతూనే. "ఇంటికెళ్ళి గుడ్డ తీసి చూస్తే రొట్టె వాసన తప్ప ఇంకేం లేదు. ఇరవై ఎనిమిది క్రిస్మస్‌లు మీ ఇంటి తలుపు తియ్యగానే ఏ వాసన వచ్చిందో నా ముక్కుకి తెలుసు వదినా. ఆ వాసన వచ్చేదాకా మా గలీబులోంచి తీసి వేశాను. నాలుగు పిడికిళ్ళు పట్టింది."

"మూడే," అంది డల్సీ.

అనేసి నాలిక కరుచుకుంది. మర్టిల్ గరిటె పక్కన పెట్టి వదిన చేతికేసి చూసింది.

"నీ పిడికిలి పెద్దది."

ఇంకేం దాచగలదు? "కావాలనే చెప్పానే," అంది డల్సీ. "నువ్వు బాగా చేస్తుంటే ఓర్వలేకపోయాను. సిగ్గుగా ఉంది."

"తెలుసు. ఆపిల్ ముక్కలు కూడా నువ్వే వెయ్యమన్నావుగా."

"నేనా?"

"మా పెళ్ళయిన ఏడాది, చర్చి మెట్ల దగ్గర. 'మా నాన్నకి ఆపిల్ అంటే ప్రాణం, పూర్ణంలో నాలుగు ముక్కలు వెయ్యి' అన్నావు. నీలం కోటు వేసుకున్నావు ఆ రోజు."

డల్సీకి ముందు ఆ కోటు గుర్తొచ్చింది, తరవాత మెట్లు, ఆ తరవాత తన నోరు. కథ చెప్పీ చెప్పీ ఆ ముక్క ఎక్కడో రాలిపోయింది. ఇరవై ఎనిమిదేళ్ళు తండ్రి గొంతు మాత్రమే పెట్టింది, తన గొంతు పెట్టలేదు.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదే?"

"అంతమంది అంత బాగా నవ్వుతుంటే ఎలా చెప్పను? మొదటి ఏడు ఇంటికెళ్ళి ఏడ్చాను. తరవాత అలవాటైపోయింది," అని పులుసుగిన్నె పట్టుకుని లోపలికి నడిచింది.

బల్ల దగ్గర సెల్బీ అప్పటికే కుర్చీ వెనక్కి జరుపుకుని సిద్ధంగా ఉన్నాడు. "అక్కా, ఆపిల్ కథ చెప్పవే. నాన్న గొంతుతో."

డల్సీ కూర్చుంది. గొంతు సవరించుకుంది. "మర్టిల్ కాపరానికొచ్చిన కొత్తలో..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. "కాదు. ఈ కథ చర్చి మెట్ల దగ్గర మొదలవుతుంది. నేను నీలం కోటు వేసుకుని ఉన్నాను."

మొత్తం చెప్పింది. ఆపిల్ ముక్కల దగ్గర్నుంచి నిన్నటి రెండు చెంచాల దాకా ఏదీ వదల్లేదు. టీ చెంచాలన్న సంగతి కూడా చెప్పింది. ఎవరూ నవ్వలేదు. చెస్ బల్ల గుడ్డ మీద మడతలు సరిచేస్తూ కూర్చున్నాడు. సెల్బీ పెళ్ళాం మొహంలోకి చూడలేకపోయాడు, ఇరవై ఎనిమిదేళ్ళూ అందరికంటే గట్టిగా నవ్వింది అతనే మరి.

అజరయా ఖాళీ పళ్ళెం ఎత్తాడు. పక్కనే కూర్చున్న కూతుర్ని దాటించి, బల్లకి అవతల ఉన్న కోడలి వైపు చాచాడు.

"ఇంకాస్త పెట్టమ్మా."

ముసలి చెయ్యి అంత దూరం అందలేదు. డల్సీ ఆ పళ్ళేన్ని ఎడమచేత్తో అందుకుని మరదలికి అందించింది.