పెండా పాలబుర్ర

కూరుమా సంతలో బేరం కుదరాలంటే ముందు గుక్కెడు తాగాలి. మోసీ తెగవాళ్ల కుండ నీళ్లు తాగితే మోసీ భాష వస్తుంది, జూలాల కుండవి తాగితే జూలా. ఎంత తాగితే అంతసేపు ఆ భాషే, సొంతది నోటికి రాదు. బోబో ఆడమనిషి కొరొతిమి నీళ్లకుండ పక్కనే ఫులానీ పెండా పాలబుర్ర; ఆ నీళ్లకు బోబో, ఈ పాలకు ఫులానీ వస్తుంది. వీళ్లిద్దరూ మాత్రం ఒకరిది ఒకరు ముట్టరు. బోబోలకూ ఫులానీలకూ తాతలనాటి పరాచికాల చుట్టరికం. ఎంత తిట్టుకున్నా కోపం రాకూడదు, ఒకరి నెత్తురు ఒకరు చిందించకూడదు.

“ఏమే పాలదానా, ఇవాళ ఆవు నీళ్లే ఇచ్చిందా?”

“కుక్కమాంసం తినే నోటికి పాల రుచేం తెలుస్తుందే?”

ఎవరి భాషలో వాళ్లు తిట్టుకునేవారు.

ఆ పొద్దున ఫులానీలను ఏరడానికి మోటారుసైకిళ్ల మీద తుపాకులవాళ్లు దిగారు. ముందుగా కుండలన్నీ పగలగొట్టారు. పాలబుర్రను వదిలేశారు. ఫులానీ భాషను ఇవాళ కోరి ఎవడు తెచ్చుకుంటాడని వాళ్ల ధీమా.

“వరసలో నిలబడి ఒక్కొక్కరూ బోబో మాట్లాడండి,” అన్నాడు నాయకుడు సిబిరి. ఏళ్లపాటు కోకో తోటల్లో ఉండి వచ్చినవాడు, కొరొతిమిని తప్ప సంతలో ఎవరు ఏ తెగో ఎరగడు. ఆమె చెల్లెలి కొడుకే.

పక్క ఊళ్లో బోబో పలకలేని ఫులానీలను పొలాల్లోకి తీసుకెళ్లారు. ఎవరూ తిరిగి రాలేదు. గుంపులో నిలబడ్డ పెండాకు బోబో అర్థమవుతుంది గాని నోరు తిరగదు. ఆమె పెదవులు తెల్లబడ్డాయి.

 కొరొతిమి పాలబుర్ర ఎత్తి గటగటా సగం తాగేసింది. పక్కవాడికి అందించింది. ఉల్లిపాయలమ్మే ముసలాయన తాగకుండా పక్కకు దాటించి, మళ్లీ చెయ్యి చాపి లాక్కుని తాగాడు. తుపాకులవాళ్లు అర్థంకాక చూస్తూ ఉండిపోయారు.

“పెద్దమ్మా, నువ్వు చెప్పు,” అన్నాడు సిబిరి.

“నన్ను ఏ పొలంలోకి తీసుకెళ్తావు నాయనా?” అంది కొరొతిమి, ఫులానీలో.

పక్కవాడూ ఫులానీలోనే పలికాడు. ముసలాయనా అంతే. పెండా వంతు వచ్చింది, ఆమెదీ అదే భాష. సిబిరి తుపాకీ ఎత్తాడు.  చిన్నప్పుడు తనకు ముద్దలు కలిపి పెట్టిన పెద్దమ్మ చేతుల మీద పాలు ఇంకా కారుతున్నాయి. తుపాకీ దించి, ఎవరివైపూ చూడకుండా మోటారుసైకిలెక్కాడు. మిగతావాళ్లూ అతని వెనకే పోయారు.

సగం బుర్ర తాగిన కొరొతిమికి మరుసటి సంతకు కూడా బోబో తిరిగి రాలేదు. ఆమె పెట్టిన కొత్త కుండలో పెండా మొదటిసారి నీళ్లు ముంచుకుని తాగింది. దూరంగా ఏదో మోటారుసైకిలు చప్పుడైతే ఇద్దరూ చేతులు పట్టుకున్నారు. చప్పుడు దాటిపోయింది.

“ఏమే పాలదానా,” అంది పెండా బోబోలో, “ఇవాళ ఆవు నీళ్లే ఇచ్చిందా?”